టమాటా కాపు అయిపోయింది, మొక్కల్ని పీకేయాలా ఉంచాలా?

మార్చి నెలాఖరు వచ్చిందంటే ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం టమాటా గురించే ఉంటాయి. దసరాకి నారు పోసి, దీపావళికి కుండీల్లో నాటి, సంక్రాంతి నుంచి కోసుకుంటూ వచ్చినవాళ్లందరిదీ ఇప్పుడు ఒకటే పరిస్థితి. కింది ఆకులు పండిపోయి వేలాడుతున్నాయి, పూత రాలిపోతోంది, అయినా కొమ్మ చివర ఇంకో నాలుగు కాయలు కనిపిస్తున్నాయి కాబట్టి పీకడానికి చెయ్యి రావట్లేదు. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి కొన్నిటికి జవాబు రాస్తున్నా. మొక్క ఎందుకు ఆగిపోయిందన్నది ముందు తేలితే మిగతావన్నీ తేలికవుతాయి. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మిద్దె మీద పన్నెండు కుండీల్లో టమాటా పెట్టాం. ఫిబ్రవరి దాకా బయట కొనే పని లేకుండా గడిచింది. ఇప్పుడు పూలొస్తున్నాయి కానీ పిందె నిలవట్లేదు. రెండు పూటలా నీళ్లు పోస్తున్నా, పది రోజులకోసారి ఎరువు కూడా వేస్తున్నా. మా అత్తయ్య పీకెయ్యమంటున్నారు, నాకేమో మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: ముందు ఆ ఎరువు ఆపేయండమ్మా. మొక్కకి తిండి చాలక వచ్చిన సమస్య కాదిది, ఎండ వల్ల వచ్చింది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిపూట కూడా 24 కంటే కిందికి దిగకపోతే టమాటా పువ్వులో పుప్పొడి చచ్చుబడిపోతుంది. పువ్వు మామూలుగానే విచ్చుకుంటుంది, చూడ్డానికి ఏ లోపమూ కనపడదు, రెండు మూడు రోజులకి కాడ మీద ముడి దగ్గర పసుపు తిరిగి రాలిపోతుంది. మిద్దె మీద ఇంకా కష్టం, ఎందుకంటే పగలంతా కాగిన స్లాబు బాగా రాత్రయ్యేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఇలాంటప్పుడు యూరియా లాంటివి వేస్తే లేత ఆకు వస్తుంది తప్ప కాయ రాదు, పైగా ఆ లేత ఆకు కోసం రసం పీల్చే తెల్లదోమ చేరుతుంది.

ఇక పీకడమా ఉంచడమా అంటే, రేపు పొద్దున్నే ఎండెక్కకముందు ఒక్కో కుండీ దగ్గరికీ వెళ్లి మొక్క చిగురు చూడండి. కింది ఆకుల్ని చూసి ఏమీ తేల్చలేం, అవి వయసుకి పండుతాయి. చిగురాకులు చిన్నవైపోయి, అంచులు పైకి ముడుచుకుని దొన్నెల్లా అయి, కొమ్మ చివర అంతా గుబురుగా కుచ్చులా కనిపిస్తే అది ఆకుముడత వైరస్. తెల్లదోమ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి అంటిస్తుంది. దానికి మందు లేదు. ఏం చల్లినా దోమకే తప్ప వైరస్‌కి పనిచేయదు. అలాంటి మొక్క మీద నాలుగు కాయలున్నాయి కదా అని ఉంచితే పక్కింటి మిర్చి మొక్కలకి కూడా ముప్పే. కాయలు కోసుకోండి, తినడానికి ఏ ఇబ్బందీ లేదు, మొక్కని మాత్రం తీసేయండి. తీసే పద్ధతి కూడా ఉంది. తెల్లవారుజామున దోమ చురుగ్గా ఉండదు, ఆ టైంలో మొక్క మీద ఒక పెద్ద కవరు నెమ్మదిగా బోర్లించి, కింద మూతి బిగించి, అప్పుడు మొదలు కోసి కవరుతో సహా ఎండలో రెండు రోజులు పడేయండి. మధ్యాహ్నం పూట కవరు లేకుండా పీకితే ఆకుల కింద తెల్లగా పిండి చల్లినట్టు ఉన్నవన్నీ ఒక్కసారి లేచి పక్క కుండీ మీద వాలతాయి. నేను కళ్లారా చూశాను, రెండు వారాలకి ఆ పక్క కుండీలో వంగ మొక్క నిండా అవే.

చిగురు బాగానే ఉండి, కాండం పచ్చగా ఉంటే అది ఎండకి ఆగిన మొక్క. వీటిలో కూడా రెండు రకాలుంటాయి. పొట్టిగా గుబురుగా పెరిగే రకమైతే దాని కాపు అంతే, ఒక నెలన్నర రెండు నెలలు కాసి ముగిసిపోతుంది, ఉంచి లాభం లేదు. తీగలా సాగుతూ కర్ర కట్టించుకునే రకమైతే వానల దాకా లాక్కురావచ్చు. మోకాలి ఎత్తులో, మంచి పిలక ఒకటి ఉన్న చోటికి పైన కోసేసి, 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ షేడ్‌నెట్ కిందికి జరిపి, మట్టి మీద ఎండుటాకులు నాలుగు వేళ్ల మందాన పరిచి, పొద్దున్న ఒక పూట నిండుగా నీళ్లు పోస్తే చాలు. అయితే పన్నెండూ ఉంచొద్దు. రెండు, మహా అయితే మూడు. జూన్‌లో చల్లబడ్డాక అవి మళ్లీ పూస్తాయి కానీ కొత్త మొక్కంత కాపు ఇవ్వవు, ఈ మాట ముందే తెలిసి ఉంచుకోండి. ఆ రెండు మొక్కల అసలు ఉపయోగం వేరే ఉంది. మే నెలాఖరులో వాటి పిలకలు జానెడు పొడవున తుంచి, కింది ఆకులు తీసేసి, గ్లాసు నీళ్లలో నీడన పెడితే వారం పది రోజుల్లో తెల్లటి వేర్లు వస్తాయి, నారు పోసుకునే పని ఉండదు. వైరస్ ఉన్న మొక్క పిలక మాత్రం తీసుకోకూడదు, తల్లి నుంచి జబ్బు దానితోనే వచ్చేస్తుంది.

అంటే పది కుండీల విషయంలో మీ అత్తయ్య గారి మాట వినండి, రెండింటి విషయంలో మీ మనసు మాట వినండి.

ప్రశ్న: మొక్కలు తీసేస్తే మూడు నాలుగు కిలోల పచ్చి కాయలు వచ్చాయి. ఫ్రిజ్‌లో పెడితే పండుతాయా? కొందరు ఎండలో పెట్టమంటున్నారు.
– విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఫ్రిజ్‌లో వద్దు, ఎండలో అసలే వద్దు. పచ్చి టమాటాకి 10 డిగ్రీల కంటే తక్కువ చలి తగిలితే లోపల దెబ్బతింటుంది, తర్వాత బయట పెట్టినా మచ్చలు మచ్చలుగా పండి రుచి లేకుండా పోతుంది. 30 దాటిన వేడిలో పెడితే పండుతుంది కానీ ఎరుపు రంగు సరిగ్గా పట్టదు, నారింజ రంగులో ఆగిపోతుంది. మీ ఊళ్లో ఏప్రిల్ ఎండలకి మార్కెట్లో కూడా అలాంటి కాయలే ఎక్కువ కనిపిస్తాయి చూడండి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గది, మంచం కిందో, నీళ్ల కుండ పక్కనో, అక్కడ మామిడికాయలు మాగేసినట్టే మాగేయండి. వెదురు బుట్టలో కాగితం పరిచి, తొడిమలు తీసేసి, ఒకదానికొకటి ఒరుసుకోకుండా ఒక్క వరసే పేర్చి, మధ్యలో రెండు పండిన అరటిపళ్లు పెట్టండి. అరటిపండు నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి కాయలు త్వరగా తిరుగుతాయి. రోజూ ఒకసారి చూసి మెత్తబడినవి తీసేస్తూ ఉండాలి, ఒక్కటి కుళ్లినా పక్కవి పోతాయి. కార్బైడ్ మాట ఎవరు చెప్పినా వినొద్దు, పళ్లు మాగేయడానికి అది వాడటం మన దేశంలో నిషేధం.

అయితే అన్ని కాయలూ పండవు. ఒక కాయని అడ్డంగా కోసి చూడండి. లోపల జిగురు పట్టి, గింజలు కత్తికి తెగకుండా పక్కకి జారిపోతే ఆ సైజు, ఆ రంగు కాయలు పండుతాయి. గింజ కూడా కత్తికి తెగిందంటే అది ఇంకా లేత కాయ, ఎన్నాళ్లు ఉంచినా ముడతలు పడుతుందే కానీ పండదు. అలాంటివన్నీ వంటకి తీసేయండి.

వంటంటే నాకు పచ్చి టమాటా రోటి పచ్చడి తర్వాతే ఏదైనా. కాయల్ని నాలుగేసి ముక్కలు చేసి, నూనెలో పచ్చిమిర్చితో కలిపి మూత పెట్టి మగ్గనివ్వండి, నీళ్లు పోయొద్దు. వేయించిన నువ్వులు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు ముందు నూరుకుని, చివర్లో టమాటా వేసి కచ్చాపచ్చాగా రెండు తిప్పులు తిప్పి తీసేయాలి. చింతపండు అక్కర్లేదు, కాయలోనే పులుపుంది. ఇంగువ పోపు పెట్టి వేడన్నంలో కలుపుకుంటే ఇంకో కూర వైపు చూడబుద్ధి కాదు. పప్పులో కూడా బాగుంటాయి. మరీ గోళీకాయలంత పిందెలు చేదుగా ఉంటాయి, అవి పారేయొచ్చు. పండినవి ఎక్కువైతే చక్రాల్లా కోసి, ఉప్పు రాసి, పలచటి బట్ట కప్పి మిద్దె మీద మూడు నాలుగు రోజులు ఎండబెడితే ఒరుగులవుతాయి. రేటు కొండెక్కే జులై ఆగస్టుల్లో పప్పులోకి, పులుసులోకి గుప్పెడు వేసుకోవచ్చు.

ప్రశ్న: మా చెర్రీ టమాటా ఏప్రిల్ వస్తున్నా ఇంకా గుత్తులు గుత్తులుగా కాస్తోంది. దీన్నీ తీసేయాలా?
– కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అస్సలు వద్దండీ. చిన్న కాయల రకాలు వేడికి పెద్దవాటికంటే బాగా తట్టుకుంటాయి. నీడ వల కట్టండి, కాసినన్నాళ్లు కాయనివ్వండి.

ప్రశ్న: పీకిన మొక్కల్ని ముక్కలు చేసి కంపోస్ట్ డ్రమ్ములో వేయొచ్చా? కొన్నిటి వేర్లకి చిన్న చిన్న ఉండలున్నాయి. చిక్కుడు జాతి వేర్లకి ఉండే మంచి బుడిపెలు ఇవేనా?
– ఒక స్కూలు టీచరు, ఖమ్మం

జవాబు: కావండీ. మీరు వేరు చూశారు కాబట్టి సరిపోయింది, చాలామంది చూడకుండానే డ్రమ్ములో పడేస్తారు. వేరుశనగ, చిక్కుడు వేర్ల మీద ఉండేవి వేరుకి పక్కన అతికించినట్టుంటాయి, గోటితో తోస్తే రాలిపోతాయి, చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అవి మట్టికి మేలు చేసేవి. టమాటా వేరుకి ఉండేవి రాలవు, వేరే ఉబ్బి ముడులు పడినట్టుంటుంది, అల్లం కొమ్ములా వంకరటింకరగా. అవి నులిపురుగులు చేసిన బుడిపెలు. కంటికి కనిపించనంత సన్నటి పురుగులు వేరులో చేరి మొక్క తాగే నీటిని అడ్డుకుంటాయి. ఎంత నీళ్లు పోసినా మధ్యాహ్నానికి వాడిపోతుంటే చాలావరకు ఇదే కారణం.

నేను కూడా ఒకసారి తెలియక అలాంటి వేర్లన్నీ కంపోస్ట్‌లో వేశాను. ఆ ఎరువు నాలుగు కుండీలకి పంచాను. వానాకాలంలో బెండ ఎదగడం లేదని పీకి చూస్తే నాలుగింటి వేర్లూ అలాగే ముడులు పడి ఉన్నాయి. ఇంట్లో డ్రమ్ము కంపోస్ట్ మనం అనుకున్నంత వేడెక్కదు. పురుగు, తెగులు చావాలంటే 55 డిగ్రీల పైన కొన్ని రోజులు ఉండాలి, పెద్ద కుప్పలో తప్ప అది సాధ్యం కాదు.

అందుకే పీకిన ప్రతి మొక్కకీ వేరు కడిగి చూడండి. తెల్లగా, పీచుగా ఉంటే మొక్కంతా కత్తిరించి రెండు రోజులు ఎండబెట్టి కంపోస్ట్‌లో వేసుకోవచ్చు. ఆకుముడత వైరస్ ఉన్నవి కూడా, దోమ చచ్చి ఆకు పూర్తిగా ఎండిపోయాక వేయొచ్చు, ఎండిన ఆకులో ఆ వైరస్ బతకదు. వేరు ముడులున్నవి, ఆకుల మీద గుండ్రటి గీతలతో గోధుమ రంగు మచ్చలున్నవి, పచ్చగా ఉండగానే వాడి చచ్చిపోయినవి మాత్రం వేయకూడదు. పచ్చగానే వాలిపోయిన మొక్కకి ఒక పరీక్ష ఉంది, తప్పకుండా చేయండి. మొదలు దగ్గర బెత్తెడు కాండం ముక్క కోసి, గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి, కోసిన చివర నీళ్లలో ఉండేలా కదలకుండా పట్టుకోండి. రెండు మూడు నిమిషాల్లో ఆ చివర నుంచి పాల దారంలా సన్నగా తెల్లటిది కిందికి దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. దారం రాకుండా, కాండాన్ని నిలువుగా చీల్చితే లోపల గోధుమ రంగు చారలుంటే అది శిలీంద్రం వల్ల వచ్చిన ఎండు తెగులు. రెండూ మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోయేవే. ఇవి కవర్లో మూటకట్టి చెత్త బండికి ఇచ్చేయండి. పల్లెలో అయితే మడులకి దూరంగా, నీళ్లు పారే దారికి పక్కన కాకుండా, లోతుగా గొయ్యి తీసి పూడ్చేయండి. కత్తెరని కూడా స్పిరిట్‌తో తుడవండి.

ప్రశ్న: ప్యాకెట్ విత్తనాలతో వేసిన టమాటా ఈసారి చాలా బాగా కాసింది. చివరి కాయల నుంచి గింజలు తీసి పెట్టుకుంటే వచ్చే ఏడాది ఇలాగే కాస్తాయా?
– డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: ప్యాకెట్ మీద ఏం రాసుందో చూడు బాబూ. ఎఫ్‌1 హైబ్రిడ్ (రెండు వేరే రకాల్ని కలిపి పుట్టించిన మొదటి తరం) అని ఉంటే గింజలు మొలుస్తాయి, కాస్తాయి కూడా, కానీ ఒక్కో మొక్క ఒక్కోలా ఉంటుంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క రక్షక్ ఉంది కదా, ఆకుముడత, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమచ్చ మూడింటినీ తట్టుకుంటుందని పేరు. దాని గింజ తీసి వేస్తే ఆ మూడు గుణాలూ ప్రతి మొక్కలో ఉంటాయని నమ్మకం లేదు. అదే పూసా రూబీ, అర్క వికాస్, పీకేఎం-1 లాంటి సూటి రకాలైతే, అంటే గింజ తీసి వేసినా తల్లి లాగే వచ్చేవైతే, లేదా మీ ఊళ్లో దొరికే పుల్లటి నాటు టమాటా అయితే నిశ్చింతగా తీసుకో. టమాటా పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే పిందె కడుతుంది కాబట్టి రకం కలగాపులగం కావడం తక్కువ.

కానీ "చివరి కాయల నుంచి" అన్నావు చూడు, అక్కడ కాస్త ఆగాలి. చివరి కాయలు అలసిపోయిన మొక్కవి, చిన్నవి, గింజ కూడా పలచన. విత్తనానికి కాయ కాపు మంచి జోరులో ఉన్నప్పుడు, రెండో మూడో గుత్తి నుంచి, అన్నిటికంటే ఆరోగ్యంగా ఉన్న మొక్క మీదే పండించి ఉంచాలి. ఇప్పుడు ఆలస్యమైంది కాబట్టి ఉన్నవాటిలో మంచి చిగురున్న మొక్కని ఎంచుకుని, బాగా మెత్తబడేదాకా పండనిచ్చి కొయ్యి. గింజల్ని జిగురుతో సహా గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్లు పోసి, నీడన ఉంచు. ఈ ఎండలకి ఒక రోజున్నర, రెండు రోజుల్లో పైన తెల్లటి పొర కట్టి పులిసిన వాసన వస్తుంది. అంతకంటే ఉంచితే గ్లాసులోనే మొలకెత్తుతాయి. చేత్తో నలిపి కడిగితే తాలు గింజలు తేలిపోతాయి, మంచివి అడుగున ఉంటాయి. వాటిని పింగాణీ పళ్లెం మీద నీడలో ఆరబెట్టు, కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి. బూడిద కలిపి గాజు సీసాలో, రకం పేరు, నెల రాసి పెట్టుకుంటే మూడు నాలుగేళ్లు మొలుస్తాయి.

ప్రశ్న: రెండెకరాల్లో కర్రలు పాతి టమాటా వేశాను. ఇప్పుడు రేటు కోత కూలికి కూడా రావడం లేదు. చేను వదిలేశాను, గొర్రెలవాళ్లు తోలుకుంటామని అడుగుతున్నారు. తోలుకోమనొచ్చా? తర్వాత ఏం వేయాలి?
– మదనపల్లె దగ్గర నుంచి ఒక రైతు

జవాబు: అన్నా, 2023 జులైలో అదే మదనపల్లె మార్కెట్లో కిలో 150 దాటి అమ్మిన పంట ఇది, ఇవాళ కోత కూలి రాకపోతే కడుపు తరుక్కుపోతుంది. మీ కోపం అర్థమవుతుంది. అయినా చేను అలా వదిలేయొద్దని బతిమాలుకుంటున్నా. వదిలేసిన చేలో కాయలు మగ్గుతుంటే వాటిలోనూ, ఆకుల్లోనూ వాటిని తొలిచి తినే ట్యూటా పురుగు ఒక తరం మీద ఒక తరం పెరుగుతుంది. 2014లో మన దేశంలో మొదటిసారి కనిపించిన ఈ పురుగు ఇలాంటి చేల మీదే బతుకుతోంది. దాని ప్యూపాలు, అంటే రెక్కల పురుగుగా మారే ముందు గూడులో ఉండే దశవి, మట్టిలో కూడా ఉంటాయి. మీరు పక్క మడిలో వేసే తర్వాతి పంటకీ, పొరుగు రైతు లేత తోటకీ అది ఇక్కడి నుంచే వెళుతుంది.

గొర్రెల సంగతి. ఆఖరి మందు ఎప్పుడు కొట్టారో మీకే తెలుసు, ఈ మధ్యే కొట్టి ఉంటే తోలనివ్వొద్దు, మూగజీవాలు పోతే ఎవరు జవాబు చెప్తారు. కొట్టి చాలా రోజులైనా సరే ఖాళీ కడుపుతో ఉన్న మందని నేరుగా చేలోకి వదలకూడదు. టమాటా ఆకులో, కాండంలో టమాటిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, కడుపు నిండా అదే మేస్తే జబ్బు చేస్తుంది. వేరే చోట మేసి వచ్చాక కాసేపు పండిన కాయలు ఏరుకు తింటే అంత ఇబ్బంది ఉండదు. అన్నిటికంటే ముందు ప్లాస్టిక్ పురులు, మల్చింగ్ షీటు తీసేయాలి. ఆకుతో పాటు పురి మింగిన జీవం కడుపులో అది ఉండ కట్టుకుపోతుంది. షీటు దుక్కిలో కలిసినా చిన్న పీలికలై పొలంలోనే ఉండిపోతుంది, ఇక తీయలేం.

కర్రలకి అంటిన మట్టి దులిపి, పాతిన చివరల్ని బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో ముంచి, వారం రోజులు ఎండలో పరిచి ఉంచండి. ఎండు తెగులు ఆ మట్టి వెంటే కొత్త మడికి పోతుంది. మొక్కలు తీశాక వేసవి దుక్కి లోతుగా దున్ని వదిలేయండి, ఏప్రిల్ మే ఎండకి ప్యూపాలు పైకి తేలి మాడిపోతాయి, కొంగలూ గోరింకలూ కొన్నిటిని తినేస్తాయి. తర్వాత టమాటా గానీ, దాని చుట్టాలైన వంగ, మిర్చి, ఆలుగడ్డ గానీ ఆ చేలో వద్దు. మొక్కజొన్న, జొన్న, రాగి బాగుంటాయి. నీళ్లుండి, పండగలకి పువ్వు అమ్ముకునే వీలుంటే బంతి వేయండి, నులిపురుగుని బంతి వేర్లు బాగా తగ్గిస్తాయి, నాలుగు డబ్బులూ వస్తాయి.

ప్రశ్న: మాకిక్కడ ఎండ కాదు, చలి మొదలవుతోంది. పెరట్లో ఆరు మొక్కల నిండా పచ్చికాయలే. రాత్రుళ్లు పది పన్నెండు డిగ్రీలకి పడిపోతోంది. అమ్మ ఊరి నుంచి నాటు టమాటా గింజలు పంపిస్తానంటోంది, తెప్పించుకోవచ్చా?
– మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరంతా నవంబర్ మొదటి మంగళవారం, మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం రోజుకి టమాటా నాటతారని విన్నా, ఇక్కడ మేం కూడా దాదాపు అప్పుడే నాటి, ఇద్దరం ఒకే నెలలో పీకుతున్నాం. చలికి కూడా పుప్పొడి పనిచేయదమ్మా, కాబట్టి ఇప్పుడున్న పూలూ, కొమ్మల చివర్లూ ఈ వారమే తుంచేయండి, ఉన్న సత్తువంతా కాయకే పోతుంది. నీళ్లు తగ్గించండి. మంచు కురిసే రాత్రి ఉందని తెలిస్తే ఆ ముందు రోజే మొక్కని వేరుతో సహా పీకి, మట్టి దులిపి, గ్యారేజీలో తలకిందులుగా వేలాడదీయండి. కాయలు కొమ్మ మీదే నెమ్మదిగా పండుతూ మూడు నాలుగు వారాలు వస్తాయి. చోటు లేకపోతే విజయవాడ చెల్లెలికి చెప్పిన బుట్ట పద్ధతే, మీరు మాత్రం ఇంట్లో వెచ్చటి గది చూసుకోండి. మంచు తగిలిన కాయలు మాత్రం నిలవవు.

గింజల మాట అమ్మకి వద్దని చెప్పండి. ఆస్ట్రేలియాలో బయోసెక్యూరిటీ నిబంధనలు చాలా కఠినం, టమాటా విత్తనాలకి వైరస్ పరీక్షల షరతులున్నాయి. పార్సిల్లోనో సూట్‌కేసులోనో పెట్టుకొస్తే తీసి పారేస్తారు, చెప్పకుండా తెస్తే జరిమానా కూడా పడుతుంది. అక్కడే దొరికే పుల్లటి పాత రకాల గింజ ఒకటి రెండు వేసి చూడండి, పప్పులో వేసుకున్నప్పుడు మీకే తెలుస్తుంది ఏది మనకి దగ్గరగా ఉందో.

ప్రశ్న: మొక్కలు తీసేశాక కుండీల్లో మట్టి పారేసి కొత్తది కొనాలా? ఇరవై కుండీలు, చాలా ఖర్చవుతుంది.
– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొనొద్దండీ. కరీంనగర్ ఎండని పైసా ఖర్చు లేకుండా వాడుకోండి. ఎండు తెగులు అని పైన ఖమ్మం టీచరుకి చెప్పిన గ్లాసు పరీక్షలో తేలిన కుండీల మట్టి పక్కన పెట్టేయండి, దాన్ని పూలమొక్కలకి కూడా వాడొద్దు. మిగతాదంతా మిద్దె మీద పట్టా పరిచి పోసి, పాత వేర్లన్నీ ఏరి, పిడికిట్లో పడితే ముద్దయ్యేంత తడి చేసి, బెత్తెడు మందాన పరవండి. మీద పలచటి పారదర్శకమైన పాలిథిన్ కప్పి, చుట్టూ అంచుల మీద ఇటుకలు పెట్టి గాలి పోకుండా బిగించాలి. నల్ల షీటు వద్దు, అది తానే వేడెక్కుతుంది, కింద మట్టికి అంత వేడి దిగదు. పారదర్శక షీటు కింద ఎండ నేరుగా దిగి వేడి లోపలే ఉండిపోతుంది. తడి కూడా తప్పనిసరి, పొడి మట్టిలో నిద్రావస్థలో ఉన్న తెగుళ్లు అంత తేలిగ్గా చావవు. నాలుగు నుంచి ఆరు వారాలు, అంటే ఏప్రిల్ మధ్యలో కప్పితే రోహిణి కార్తెలో తీయొచ్చు. మధ్యలో ఎత్తి చూడొద్దు.

ఈ వేడికి చెడ్డవాటితో పాటు మంచి సూక్ష్మజీవులు కూడా చాలావరకు పోతాయి, కాబట్టి తీశాక రెండు రోజులు ఆరనిచ్చి, మూడో వంతు మాగిన పశువుల ఎరువు గానీ వర్మికంపోస్ట్ గానీ, కుండీకి రెండు గుప్పెళ్లు వేపపిండి, తెగుళ్లని అణిచే మేలు శిలీంద్రం ట్రైకోడెర్మా కొంచెం కలిపి, తడిపి వారం నీడలో ఉంచండి. ఇరవైలో పది కుండీలకి మొదట గోంగూర, తోటకూర, గోరుచిక్కుడు పెట్టుకోండి, టమాటా ఉన్న కుండీలో వెంటనే మళ్లీ టమాటా వద్దు. పోయినసారి ఆకుకూరలున్న కుండీల్లోకి టమాటాని మార్చండి. నారు మే మూడో వారంలో నీడన ట్రేలో పోసుకుంటే మృగశిర దాటాక నాటడానికి సరిపోతుంది, గింజ వేసిన రోజు నుంచే ట్రే మీద సన్నకన్నుల నైలాన్ వల కప్పి ఉంచండి, తెల్లదోమ నారు దశలో అంటుకుంటే ఆ మొక్క నుంచి ఇక కాయ చూడలేం.